వికలాంగుల ఆరోగ్యంపై పరిశోధన: ముందు అడగాల్సిన ప్రశ్నలు

2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో వికలాంగులు 2.68 కోట్ల మంది, అంటే జనాభాలో 2.21 శాతం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఈ వాటా దాదాపు 2.7 శాతం. మూడేళ్ల తర్వాత, 2014లో, లండన్ స్కూల్ ఆఫ్ హైజీన్ అండ్ ట్రాపికల్ మెడిసిన్ పరిశోధకులు హైదరాబాద్‌లోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ పబ్లిక్ హెల్త్ వారితో కలిసి మహబూబ్‌నగర్ జిల్లాలో ఒక సర్వే చేశారు. సుమారు మూడున్నర వేల మందిని కలిసి, రోజువారీ పనుల్లో వారికి ఎదురయ్యే ఇబ్బందులు అడిగి, చూపు, వినికిడి, ఎముకలు, కీళ్ల పరీక్షలు కూడా చేశారు. అక్కడ తేలిన వాటా 12 శాతం. మూడేళ్లలో ఆ జిల్లాలో వికలాంగుల సంఖ్య నాలుగైదు రెట్లు పెరిగిపోలేదు. అడిగిన ప్రశ్న మారింది, వెతికిన తీరు మారింది.

జనాభా లెక్కల సిబ్బంది ఇంటి గడపలో నిలబడి ‘ఇంట్లో వికలాంగులు ఎవరైనా ఉన్నారా’ అని అడిగితే చాలా ఇళ్లలో వచ్చే జవాబు ‘లేరు’ అనే. పెళ్లి కావాల్సిన ఆడపిల్ల ఉన్న ఇంట్లో ఆమె వినికిడి లోపం గురించి బయటివారికి చెప్పరు. మానసిక జబ్బు సంగతి బంధువుల దగ్గరే దాచేవారు ప్రభుత్వ ఉద్యోగికి చెబుతారా? డెబ్బై ఏళ్ల తల్లి గోడ పట్టుకుని నడుస్తున్నా, పిలిస్తే వినిపించుకోలేకపోతున్నా అది వయసు తెచ్చిన బలహీనత అనుకుంటారే తప్ప వైకల్యమని ఎవరూ అనుకోరు. అందుకే ఐక్యరాజ్యసమితి గణాంక సంఘం 2001లో ఏర్పాటు చేసిన వాషింగ్టన్ గ్రూపు ఆ మాటే ఎత్తకుండా ఆరు ప్రశ్నలు తయారుచేసింది. కళ్లజోడు పెట్టుకున్నా చూడడం ఇబ్బందిగా ఉందా? నడవడం, మెట్లెక్కడం కష్టంగా ఉందా? వినడం, గుర్తుంచుకోవడం, స్నానం చేయడం, బట్టలు వేసుకోవడం, ఎదుటివారితో మాట్లాడడం ఎలా ఉంది? జవాబులు నాలుగు రకాలు: ఇబ్బంది లేదు, కొంత ఇబ్బంది, చాలా ఇబ్బంది, అసలు చేయలేను. ఒక్క ప్రశ్నకైనా చివరి రెండింట్లో ఒకటి చెప్పినవారిని లెక్కలోకి తీసుకుంటారు.

మన సర్వేలు ఈ దారికి ఇంకా పూర్తిగా రాలేదు. 2018 నాటి జాతీయ నమూనా సర్వే కూడా 2.2 శాతం దగ్గరే ఆగింది. 2019–21 నాటి ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో వైకల్యంపై ప్రశ్న చేరిస్తే ఒక శాతం దరిదాపుల్లో తేలింది. ఆరో సర్వేలో ఆ ప్రశ్ననే తీసేస్తున్నారన్న వార్త 2023లో బయటికి వచ్చినప్పుడు వికలాంగుల సంఘాలు గట్టిగా అభ్యంతరం చెప్పాయి. వారి అభ్యంతరం న్యాయమైనదే. తప్పుగా అడిగిన ప్రశ్నను సరిచేయాలి గానీ తొలగించకూడదు. ఇప్పుడు 2027 జనాభా లెక్కలు వస్తున్నాయి. పదహారేళ్ల తర్వాత వచ్చే ఈ అవకాశంలో ప్రశ్న ఎలా ఉంటుందన్నది చిన్న విషయం కాదు. ఆ సంఖ్యను ఆధారం చేసుకునే రానున్న పదేళ్ల నిధులు, పోస్టులు, పరికరాల అంచనాలు వేస్తారు.

అయినా ఎంతమంది ఉన్నారన్న ప్రశ్న చుట్టూనే తిరుగుతూ మరో పదేళ్లు గడిపితే నష్టం తప్పదు. ప్రపంచ జనాభాలో ఆరుగురిలో ఒకరు, అంటే సుమారు 130 కోట్ల మంది, చెప్పుకోదగ్గ వైకల్యంతో జీవిస్తున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 నివేదిక అంచనా వేసింది. భారతదేశంలో అది రెండు శాతమా, పన్నెండు శాతమా అన్నది తేలేదాకా ఆగాల్సిన అవసరం లేని ప్రశ్నలు చాలా ఉన్నాయి. వాటిలో ఏది ముందు అన్నదే అసలు విషయం.

నిపుణులు మొదట నిలిపిన ప్రశ్న

ఈ విషయంపై ఒక క్రమపద్ధతిలో జరిగిన కసరత్తు ఫలితాలు 2009లో లాన్సెట్ వైద్య పత్రికలో వెలువడ్డాయి. పరిశోధన ప్రాధాన్యాలను తేల్చే ఇలాంటి కసరత్తుల్లో ముందు చాలా ప్రశ్నలు సేకరిస్తారు. తర్వాత ఒక్కోదానికి మార్కులు వేస్తారు. దీనికి నైతికంగా, ఆచరణలో జవాబు రాబట్టగలమా? దొరికిన జవాబు జనం దాకా చేరుతుందా? దానివల్ల బాధ ఎంత తగ్గుతుంది? పేదలకు అందుతుందా, ఉన్నవారికేనా? ఇలా సాగుతుంది ఆ తూకం. వికలాంగుల ఆరోగ్యంపై వివిధ దేశాల నిపుణులు ప్రశ్నలకు ఇలా వరుస కడితే మొదటి స్థానంలో నిలిచింది ఒక కొత్త మందో, జన్యు చికిత్సో, ఒక ప్రత్యేక వైకల్యమో కాదు. వైద్యసేవలు పొందడానికి వికలాంగులకు ఏ స్థాయిలో ఏ అడ్డంకులు ఉన్నాయో గుర్తించడం, వారి అవసరాలను ప్రాథమిక వైద్య వ్యవస్థలో కలిపి, ఉన్న ఊరికి దగ్గరలోనే అందించే మార్గాలు కనిపెట్టడం. ఒక్కో వైకల్యాన్ని విడివిడిగా పట్టుకోవడం కంటే ఆరోగ్య వ్యవస్థ వికలాంగులందరికీ సరిగ్గా పనిచేసేలా చూడడమే ముందని ఆ అధ్యయనం తేల్చింది.

పదిహేనేళ్లు దాటినా ఆ మాట పాతబడలేదు. పాతబడకపోవడమే బాధాకరం. 2022 నాటి ప్రపంచ ఆరోగ్య సంస్థ నివేదిక కూడా దాదాపు అదే చోట నిలబడి మాట్లాడింది. వైకల్యం ఉన్నవారిలో కొందరు మిగతావారి కంటే ఇరవై ఏళ్ల దాకా ముందే చనిపోతున్నారని, మధుమేహం, పక్షవాతం, కుంగుబాటు, ఉబ్బసం, నోటి జబ్బుల వంటివి వారికి వచ్చే ముప్పు రెట్టింపు అని చెప్పింది. ఆ తేడాలో చాలా భాగం శరీరంలోని లోపం వల్ల కాదని, తప్పించదగ్గ అన్యాయాల వల్లనేనని స్పష్టం చేసింది.

మన దేశంలో ఈ పరిశోధన వెనకబడడానికి పరిపాలనా కారణం ఒకటుంది. వికలాంగుల వ్యవహారాలు సామాజిక న్యాయ మంత్రిత్వ శాఖ చేతిలో ఉన్నాయి. సికింద్రాబాద్‌ మనోవికాస్ నగర్‌లోని మేధో వైకల్యాల జాతీయ సంస్థ సహా వైకల్యాలకు సంబంధించిన జాతీయ సంస్థలు ఆ శాఖ కిందే పనిచేస్తాయి. ఆసుపత్రులు, పీహెచ్‌సీలు, వైద్య కళాశాలలు, భారత వైద్య పరిశోధన మండలి ఆరోగ్య శాఖ కింద ఉన్నాయి. చక్రాల కుర్చీ ఇచ్చే శాఖ ఒకటి, ఆ కుర్చీలో కూర్చున్నవారికి బీపీ చూసే శాఖ మరొకటి. కుర్చీలో ఉన్న మనిషికి బీపీ ఎందుకు చూడలేదన్న ప్రశ్న ఈ రెండింటి మధ్యలో ఎవరికీ చెందకుండా పోతోంది.

మామూలు జబ్బు, మామూలు వైద్యం

ఒక చిన్న విషయం చూద్దాం. మండల కేంద్రంలోని ఆరోగ్య కేంద్రానికి వెన్నుపాము దెబ్బతిన్న మనిషి జ్వరంతో వచ్చాడనుకోండి. బయట ర్యాంపు ఉంటుంది, ఆటో దిగి లోపలికి వస్తాడు. అక్కడ బరువు చూసే యంత్రం మీద నిలబడాలి, నిలబడలేడు. బరువు కాలమ్‌లో గీత గీస్తారు, లేదా చూసి ఉజ్జాయింపుగా ఒక అంకె రాస్తారు. కొన్ని మందుల మోతాదు బరువును బట్టే నిర్ణయించాలి. బరువు ఆరు నెలల్లో పది కిలోలు పెరిగినా, తగ్గినా గమనించేవారు ఉండరు. పరీక్ష బల్ల ఎత్తుగా ఉంటుంది కాబట్టి కుర్చీలోనే కూర్చోబెట్టి చూస్తారు. ఎప్పుడూ కూర్చునే ఉండడం వల్ల పిరుదుల దగ్గర మొదలైన ఒత్తిడి పుండు కనిపించదు. ఆ జ్వరం ఆ పుండు వల్లే వచ్చి ఉండవచ్చు.

ఇందులో ఎవరి దుర్మార్గమూ లేదు. కుర్చీతో సహా ఎక్కించి తూచే యంత్రం ఉంటే, పరీక్ష బల్ల ఎత్తు తగ్గించే వీలుంటే, నర్సుకు పుండు ఎక్కడ వెతకాలో తెలిస్తే ఆ మనిషి సమస్య అక్కడే తేలిపోయేది. ఇలాంటి చిన్న మార్పుల్లో ఏవి నిజంగా ఫలితమిస్తాయి, ఏ ఖర్చుతో ఇస్తాయి, ఏవి నాలుగు నెలల్లో మూలన పడతాయి అన్నది కొలిచి చూడాలి. ర్యాంపుల మీద తనిఖీలు జరుగుతాయి, 2015 డిసెంబర్‌లో మొదలైన సుగమ్య భారత్ ప్రచారం తర్వాత కొంత పెరిగాయి కూడా. ర్యాంపు ఎక్కి లోపలికి వెళ్లిన తర్వాత ఏం జరుగుతోందన్నది మాత్రం ఆ తనిఖీ పట్టికల్లోకి ఎక్కదు.

బధిరుల పరిస్థితి మరోలా ఉంటుంది. వైద్యుడు మాస్కు పెట్టుకుంటే పెదవుల కదలిక కనిపించదు. సైగల భాష తెలిసినవారు ఆసుపత్రిలో ఉండరు. తోడుగా వచ్చిన అన్నో, అమ్మో మాట్లాడతారు, రోగి పక్కన నిలబడి చూస్తాడు. కడుపు నొప్పి గురించైతే ఎలాగో గట్టెక్కవచ్చు. గర్భం గురించో, లైంగిక వేధింపు గురించో, ఆత్మహత్య ఆలోచన గురించో చెప్పాల్సి వస్తే ఇంట్లోవాళ్ల ద్వారా ఎలా చెబుతారు? వీడియో కాల్‌లో సైగల భాష అనువాదకులను కలిపితే వైద్యం మెరుగుపడుతుందా, జిల్లా స్థాయిలో ఒక్కరుంటే సరిపోతుందా, ఫోనులో రాసి చూపడం ఎంతవరకు పనికొస్తుంది? చదువు అందని బధిరులకు రాత కూడా పరాయిదే అన్న సంగతి మరవకూడదు.

మేధో వైకల్యం ఉన్నవారి విషయంలో మరో ప్రమాదం ఉంది. పిల్లవాడు తల గోడకేసి కొట్టుకుంటున్నాడంటే ‘వాడి తీరే అంత’ అని మత్తు మందు రాస్తారు. పంటి నొప్పో, చెవి పోటో, మలబద్ధకమో అని వెతకరు. వైకల్యం ఒక తెరలా అడ్డుపడి అసలు జబ్బు కనిపించకుండా పోవడం ప్రపంచమంతటా నమోదైన సమస్య. మాటల్లో నొప్పి చెప్పలేనివారి నొప్పిని గుర్తించే పద్ధతులు తెలుగు ఇళ్లకు, తెలుగు తల్లులు గమనించే సంకేతాలకు తగ్గట్టు తయారు కావాలి. ఇంగ్లిషులో ఉన్న ప్రశ్నావళిని అనువదించి వాడితే సరిపోదు.

ఆడవారి ఆరోగ్యం ఈ రంగంలో మరీ నిర్లక్ష్యానికి గురైంది. 1994లో మహారాష్ట్రలోని శిరూర్ ప్రభుత్వ వసతి గృహంలోని మేధో వైకల్యం ఉన్న యువతులకు పుణేలో గర్భసంచులు తొలగించిన ఉదంతం దేశాన్ని కదిలించింది. నెలసరి శుభ్రత చూసుకోలేరన్నది అప్పుడు చెప్పిన కారణం. ముప్పై ఏళ్లు దాటాయి. ఆ శుభ్రతను నేర్పే పద్ధతులు ఏవి పనిచేస్తాయి, సంరక్షకులకు ఏ సాయం కావాలి, ఇలాంటి శస్త్రచికిత్సలు ఇళ్లలోని అమ్మాయిలకు ఇప్పటికీ ఎంతమేరకు జరుగుతున్నాయి అన్న ప్రశ్నలకు పరిశోధన ఇంకా గట్టి జవాబులు వెతకాల్సే ఉంది. చక్రాల కుర్చీలో ఉన్న స్త్రీ గర్భవతి అయితే ప్రసూతి విభాగం ఏం చేయాలి? రొమ్ము క్యాన్సర్ పరీక్ష యంత్రం ముందు నిలబడలేని స్త్రీకి ఆ పరీక్ష ఎలా చేయాలి? ఇవేవీ అరుదైన ప్రశ్నలు కావు.

సమాచారం ఉంటే ఏం తెలుస్తుందో కోవిడ్ కాలం చూపించింది. ఇంగ్లండ్‌లో 2011 జనాభా లెక్కల్లో వైకల్యం గురించి చెప్పినవారి వివరాలను మరణాల నమోదుతో కలిపి చూశారు. 2020 జనవరి నుంచి నవంబర్ వరకు కోవిడ్‌తో చనిపోయినవారిలో దాదాపు 60 శాతం మంది వైకల్యం ఉన్నవారేనని, అధ్యయనం చేసిన జనాభాలో వారి వాటా 17 శాతమేనని తేలింది. భారతదేశంలో అలాంటి లెక్క తీయడానికి తగిన ఏర్పాటే లేదు. ఎవరు చనిపోయారో రాసిన పుస్తకంలో వైకల్యం గడి లేదు. వైకల్యం రాసిన పుస్తకం వేరే చోట ఉంది.

తెలుగు రాష్ట్రాలకు ఈ విషయంలో ఒక అనుకూలత ఉంది. వైకల్యాన్ని పరీక్షించి ధ్రువపత్రం ఇవ్వడానికి ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన సదరం విధానం వల్ల లక్షల మంది పరీక్షల వివరాలు ఏళ్ల తరబడి కంప్యూటర్లలో నమోదయ్యాయి. ఇటు ఆరోగ్యశ్రీలో ఏ జబ్బుకు, ఏ ఆసుపత్రిలో, ఏ చికిత్స జరిగిందో నమోదవుతోంది. పేర్లు, ఆధార్ అంకెలు తీసేసి, గోప్యతకు భంగం లేకుండా ఈ రెండింటినీ కలిపి చూడగలిగితే విలువైన ప్రశ్నలకు జవాబు దొరుకుతుంది. సదరం ధ్రువపత్రం ఉన్నవారికి గుండె చికిత్సలు మిగతావారితో సమానంగా అందుతున్నాయా? క్యాన్సర్ ఏ దశలో బయటపడుతోంది? కొత్తగా కోట్లు పోసి సర్వే చేయకుండానే మొదలుపెట్టగల పని ఇది.

సదరంలో నమోదయ్యేది ప్రధానంగా వైకల్య శాతం. క్యాంపు దగ్గర వినిపించే మాట కూడా అదే: ‘ఎంత శాతం పడింది?’ సాధారణంగా కనీసం 40 శాతం ఉంటేనే పింఛనుకు దారి. మనిషికి పింఛను ప్రాణాధారం కాబట్టి ఆ అంకె చుట్టూ ఆశ, ఆందోళన, దళారుల బేరాలు అల్లుకుపోయాయి. అయితే ఆ అంకె చూసి ఆ మనిషి మరుగుదొడ్డి దాకా వెళ్లగలడో లేదో చెప్పలేం, మందు బిళ్ల తానే తీసుకోగలడో లేదో చెప్పలేం. అదే క్యాంపులో రోజువారీ పనులపై నాలుగు ప్రశ్నలు అదనంగా అడిగితే ఎంత ఉపయోగమో ఒకటి రెండు జిల్లాల్లో ప్రయత్నించి చూడవచ్చు. ఆ జవాబులు పింఛను తీసేయడానికి వాడబోమన్న హామీ ఉండాలి, లేకపోతే ఎవరూ నిజం చెప్పరు.

నల్గొండ, ఆ తర్వాత

పరిశోధన ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిపోతుందో చూడాలంటే ఫ్లోరోసిస్ కథ చూడాలి. మద్రాసు ప్రెసిడెన్సీలో, అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల్లో ఫ్లోరైడ్ నీటి వల్ల ఎముకలు బిగుసుకుపోతున్న సంగతి 1937లోనే వైద్య సాహిత్యంలోకి ఎక్కింది. 1970లలో హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు ఫ్లోరైడ్ పీడిత గ్రామాల్లో యువకుల మోకాళ్లు లోపలికి వంగిపోవడాన్ని వివరించి, తినే ఆహారంతో దానికి ఉన్న సంబంధాన్ని పరిశీలించారు. నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్‌తో నీటిలోని ఫ్లోరైడ్‌ను తగ్గించే పద్ధతి రూపొందించింది. ప్రపంచమంతటా దాన్ని నల్గొండ పద్ధతి అనే పిలుస్తారు. తర్వాత కృష్ణా జలాలు వచ్చాయి, మిషన్ భగీరథ నల్లాలు వచ్చాయి. నీటి విషయంలో విజ్ఞానం, ఉద్యమాలు, ప్రభుత్వాలు కలిసి సాధించింది తక్కువేమీ కాదు. మర్రిగూడ, మునుగోడు ప్రాంతాల్లో కొత్త తరం పిల్లల కాళ్లు నిటారుగా పెరగడం కంటే గొప్ప ఫలితం ఏముంటుంది?

అయితే పాత నీళ్లు తాగి పెరిగినవారు ఇంకా అక్కడే ఉన్నారు. ఎముకల్లో చేరిన ఫ్లోరైడ్ చేసిన నష్టం నల్లా నీళ్లతో వెనక్కి పోదు. వెన్నెముక బిగుసుకుపోయి మెడ తిప్పలేని మనిషి, పక్కకు ఒత్తిగిల్లాలంటే ఇద్దరి సాయం కావాల్సిన మనిషి, నరాలు నలిగి కాళ్లలో పట్టు పోయిన మనిషి. వారికి రోజూ ఉండే నొప్పికి ఏ మందు ఎంతకాలం వాడితే మూత్రపిండాలు చెడకుండా ఉంటాయి? వెన్ను శస్త్రచికిత్స ఎవరికి మేలు చేస్తుంది? ఏ రకం మంచం, ఏ ఎత్తు మరుగుదొడ్డి వారిని ఇంకొకరి మీద ఆధారపడకుండా చేస్తుంది? నీటి మీద జరిగినంత పట్టుదలతో ఈ ప్రశ్నల మీద పని జరగలేదు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల జాబితాలో ఫ్లోరోసిస్ పేరుతో వేరే గడి లేదు. కదలికల వైకల్యం కిందే చూడాలి. అందువల్ల ధ్రువపత్రాల లెక్కల్లోంచి ఫ్లోరైడ్ బాధితులు ఎందరో విడదీసి చెప్పడం కూడా కష్టమే.

పోలియోది ఇదే కథ, ఇంకా పెద్ద ఎత్తున. హౌరాలో 2011 జనవరిలో నమోదైన కేసే దేశంలో చివరిది. 2014 మార్చి 27న పోలియో రహితమైన ధ్రువీకరణ వచ్చింది. చుక్కల మందు, వైరస్ నిఘా మీద జరిగిన కృషి ప్రజారోగ్య చరిత్రలో నిలిచిపోతుంది. 1970లు, 80లలో పోలియో సోకిన పిల్లలు ఇప్పుడు నడివయసు దాటుతున్నారు. పోలియో సోకిన దశాబ్దాల తర్వాత కండరాల్లో కొత్త బలహీనత, విపరీతమైన అలసట, నొప్పి మొదలవడం వైద్యశాస్త్రానికి తెలిసిందే. నలభై ఏళ్లు చంక కర్రల మీద బరువు మోసిన భుజాలు, ట్రైసైకిల్ తిప్పిన చేతులు ఇప్పుడు మొరాయిస్తున్నాయి. వైరస్ పోయింది కాబట్టి ఆ పేరు మీద విభాగాలూ నిధులూ తగ్గుతాయి. మనుషులు మాత్రం మరో ముప్పై ఏళ్లు ఉంటారు.

సికిల్ సెల్ అనే వంశపారంపర్య రక్త వ్యాధి విషయంలో ఈ తప్పు మళ్లీ జరగకుండా చూసుకునే సమయం ఇంకా ఉంది. 2023 జులై 1న మధ్యప్రదేశ్‌లోని షహ్‌డోల్‌లో ప్రారంభమైన జాతీయ కార్యక్రమం గిరిజన ప్రాంతాల్లో 7 కోట్ల మందికి పరీక్షలు చేయాలని, 2047 నాటికి ఈ వ్యాధిని నిర్మూలించాలని లక్ష్యంగా పెట్టుకుంది. అల్లూరి జిల్లా నుంచి ఆదిలాబాద్ దాకా ఏజెన్సీ గూడేల్లో వేల మందికి కార్డులు వస్తాయి. కార్డు వచ్చిన తర్వాత? నొప్పి తిరగబెట్టకుండా రోజూ వాడాల్సిన హైడ్రాక్సీయూరియా మందు, ఒళ్లంతా నొప్పి పట్టి మెలికలు తిరిగే రాత్రి ఆ బిడ్డకు కావాల్సిన నొప్పి మందు, రక్తం ఎంత దూరంలో దొరుకుతున్నాయి? బడి ఎన్ని రోజులు పోతోంది? పరీక్షించినవారి సంఖ్యతో పాటు ఈ అంకెలు కూడా అడిగే పరిశోధన ఇప్పుడే మొదలుపెట్టాలి.

ప్రశ్న ఎవరిది

2000లో ఇదే లాన్సెట్ పత్రికలో బ్రిస్టల్ పరిశోధకులు ఒక పోలిక ప్రచురించారు. మోకీళ్ల అరుగుదలపై జరుగుతున్న పరిశోధనల్లో ఎక్కువ భాగం మందులు, శస్త్రచికిత్సల గురించే ఉన్నాయి. రోగులను అడిగితే వారి కోరికలు వేరుగా ఉన్నాయి. మోకాలి మార్పిడి అసలు ఎంత మేలు చేస్తుందో కచ్చితంగా తేల్చండి, నొప్పితో రోజు ఎలా నెట్టుకురావాలో చెప్పండి, అర్థమయ్యే సమాచారం ఇవ్వండి అన్నారు. 2004లో బ్రిటన్‌లో మొదలైన జేమ్స్ లిండ్ అలయన్స్ ఈ అంతరాన్నే పూడ్చడానికి పనిచేస్తోంది. రోగులు, వారిని చూసుకునేవారు, వైద్యులు ఒకే బల్ల చుట్టూ కూర్చుని పది ముఖ్యమైన ప్రశ్నలు తేలుస్తారు.

మన చట్టం ఈ దిశలో ఒక బలమైన వాక్యం రాసిపెట్టింది. 2016 చట్టంలోని 6వ సెక్షన్ ప్రకారం, వికలాంగులపై ఏ పరిశోధన చేయాలన్నా వారికి అర్థమయ్యే పద్ధతిలో వివరించి స్వేచ్ఛగా ఇచ్చిన సమ్మతి తీసుకోవాలి. దానికి ముందు ఒక కమిటీ అనుమతి ఉండాలి. ఆ కమిటీలో కనీసం సగం మంది వికలాంగులో, వికలాంగుల కోసం పనిచేసే నమోదిత సంస్థల సభ్యులో అయి ఉండాలి. 28వ సెక్షన్ పరిశోధనను ప్రోత్సహించే బాధ్యతను ప్రభుత్వాలపై పెట్టింది. ఈ రెండింటినీ కలిపి చదివితే చక్కటి దారి కనిపిస్తుంది. అనుమతులు ఇచ్చే కమిటీ అనుమతులతో ఆగకుండా, ఏటా రాష్ట్రంలో ఏ ప్రశ్నలకు నిధులివ్వాలో కూడా చెప్పాలి. ఎవరో తయారుచేసిన పత్రం మీద చివర్లో సంతకం పెట్టే సగం కంటే, ప్రశ్న రాసేటప్పుడు కూర్చునే సగం విలువైనది. ఆ కూర్చునే వారికి ప్రయాణ ఖర్చు, రోజు కూలి, సైగల భాష అనువాదం, సులభంగా చదవగలిగే పత్రాలు అందాలి. మేధో వైకల్యం ఉన్నవారిని ‘మాట్లాడలేరు’ అని తల్లిదండ్రులతోనే సరిపెట్టకూడదు.

వాడేవారి జీవితం నుంచి మొదలైన పని ఎలా ఉంటుందో జైపూర్ పాదం చూపింది. 1960ల చివర్లో ఎముకల వైద్యుడు పి.కె. సేథీ, శిల్పి రామచంద్ర శర్మ కలిసి చేసిన ఆ పాదం చెప్పులు లేకుండా నడిచేవారికి, గొంతుక్కూర్చునేవారికి, బాసిపట్టు వేసేవారికి, పొలం బురదలో దిగేవారికి పనికొచ్చింది. బూట్లు తొడుక్కునే దేశాల నుంచి వచ్చిన కృత్రిమ పాదాలకు ఇవేవీ తెలియవు.

ఇక్కడ ఒక నిజమైన చిక్కు ఉంది, దాన్ని దాటవేయకూడదు. కండర క్షీణత ఉన్న పిల్లవాడి తల్లిని అడిగితే ఆమె మొదట అడిగేది ర్యాంపు కాదు, మందు. ఆ మందు రాకపోతే బిడ్డ ఉండడని ఆమెకు తెలుసు. వెన్నెముక కండర క్షీణత ఉన్న పసిపిల్లల కోసం కోట్ల రూపాయల ఇంజెక్షన్‌కు తెలుగు రాష్ట్రాల్లో జనం చందాలు వేసుకున్న సందర్భాలు అందరికీ గుర్తే. 2021 అరుదైన వ్యాధుల విధానం కింద హైదరాబాద్‌లోని నిమ్స్ ఆసుపత్రి, డీఎన్‌ఏ పరిశోధన సంస్థ సీడీఎఫ్‌డీ కలిసి ప్రత్యేక కేంద్రంగా ఉన్నాయి. అక్కడి జన్యు పరిశోధన, చవకైన దేశీ మందుల కోసం జరిగే ప్రయత్నం తప్పనిసరిగా కొనసాగాలి. మరోవైపు, బధిరుల్లో చాలామంది తమను బాగుచేయాల్సిన లోపంగా చూడవద్దంటారు, తమ భాషలో వైద్యం కావాలంటారు. రెండూ న్యాయమే. వైకల్యాలన్నిటికీ ఒకే వరుస కట్టడం కుదరదు. ఆయుష్షును మింగే వ్యాధుల్లో చికిత్స ముందుంటుంది, స్థిరంగా ఉండే వైకల్యాల్లో సేవలు, పరికరాలు, భాష ముందుంటాయి. ఏది ఎక్కడ ముందో చెప్పాల్సింది దానితో బతికేవారు. కాకపోతే ఆ తల్లి కూడా మందు వచ్చేలోపు బిడ్డకు ఊపిరి అందించే యంత్రం, దగ్గడానికి సాయం, బడికి వెళ్లే దారి కావాలంటుంది. ఆ భాగాన్ని ప్రయోగశాలలు తీర్చలేవు.

జవాబు ఊరికి చేరాలంటే

1996 నుంచి 2000 వరకు ఎల్వీ ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ హైదరాబాద్, పశ్చిమ గోదావరి, ఆదిలాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల్లో పదివేల మందికి పైగా కళ్లు పరీక్షించింది. అంధత్వంలో దాదాపు 60 శాతానికి శుక్లాలు, కళ్లజోడుతో సరిపోయే దృష్టి లోపాలే కారణమని తేలింది. అంటే సకాలంలో గుర్తిస్తే తప్పించగల కారణాలతోనే చాలా చూపు పోతోంది. సంస్థ దానికి తగ్గట్టు ఊళ్లలో చిన్న దృష్టి కేంద్రాలు పెట్టింది. స్థానిక యువతీయువకులకు ఏడాది శిక్షణ ఇచ్చి, సుమారు 50 వేల జనాభాకు ఒక కేంద్రం చొప్పున నిలిపింది. పరిశోధన ఫలితమే సేవ ఆకారాన్ని నిర్ణయించింది. వినికిడికి, ఫిజియోథెరపీకి, మానసిక ఆరోగ్యానికి ఇలాంటిది ఇంకా ఆ స్థాయిలో నిలబడలేదు. ఎందుకు నిలబడలేదు, నిలబడాలంటే ఏ శిక్షణ, ఎంత జీతం, ఎవరి పర్యవేక్షణ కావాలన్నది పరీక్షించి తేల్చాల్సిన ప్రశ్న.

పిల్లల విషయంలో తీగ మధ్యలో తెగిపోతోంది. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద అంగన్‌వాడీల్లో, బడుల్లో పిల్లల్ని పరీక్షించి, ఎదుగుదల లోపాలున్నవారిని జిల్లా స్థాయి కేంద్రానికి పంపుతారు. రెండు రాష్ట్రాల్లోనూ మండలాల్లో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం భవిత కేంద్రాలు ఉన్నాయి. హైదరాబాద్ సహా దేశంలో ఐదు చోట్ల రెండు నుంచి తొమ్మిదేళ్ల పిల్లలపై జరిగి 2018లో వెలువడిన అధ్యయనంలో, ఆరు నుంచి తొమ్మిదేళ్ల పిల్లల్లో నాడీ వికాస సమస్యలు, అంటే మెదడు, నరాల ఎదుగుదలకు సంబంధించిన ఇబ్బందులు, ప్రాంతాన్ని బట్టి సుమారు 6 నుంచి 18 శాతం దాకా కనిపించాయి. ఇంట్లో కాన్పు, పుట్టగానే ఏడవకపోవడం, తక్కువ బరువు వంటి తప్పించగల కారణాలు వాటితో ముడిపడి ఉన్నాయి. అంటే సాయం అవసరమైన పిల్లలు తక్కువేమీ కారు. జిల్లా కేంద్రానికి పంపిన వందమందిలో ఎంతమంది నిజంగా వెళ్లారు, రెండోసారి ఎంతమంది వెళ్లారు, ఆరో నెలకు ఎందరు మిగిలారు? కూలి పోతుందనా, బస్సు ఎక్కించలేకనా, అక్కడ ఫిజియోథెరపిస్టు పోస్టు ఖాళీగా ఉందనా, ఇంట్లో పెద్దవాళ్లు వద్దన్నారనా? మానేసిన కుటుంబాల ఇళ్లకు వెళ్లి అడిగితేనే ఇది తెలుస్తుంది.

చివరగా, ఆ బిడ్డను ఎత్తుకుని తిరిగే మనిషి గురించి. చాలా ఇళ్లలో అది తల్లే. పదేళ్ల పిల్లవాణ్ని ఎత్తి ఎత్తి నడుము పోయిన తల్లి తన నొప్పికి ఆసుపత్రికి వెళ్లలేదు, బిడ్డను ఎవరికి అప్పగించాలి? సంరక్షకుల ఆరోగ్యం ఏ వైకల్య సర్వేలోనూ ప్రధాన ప్రశ్న కాదు. వారి మనసులో ఉన్న ప్రశ్న ఒకటే, ఏ తల్లిదండ్రుల సమావేశానికి వెళ్లినా వినిపించేది అదే: ‘మా తర్వాత వీడి సంగతి ఏమిటి?’ ఇది భావోద్వేగపు ప్రశ్న మాత్రమే కాదు, పరిశోధన చేయదగ్గ ప్రశ్న. వైద్యం మెరుగుపడి డౌన్ సిండ్రోమ్ ఉన్నవారు ఇప్పుడు యాభై, అరవై ఏళ్లు జీవిస్తున్నారు. అల్జీమర్స్‌తో సంబంధమున్న ఒక జన్యువు వారిలో అదనంగా ఉండే 21వ క్రోమోజోమ్ మీదే ఉంది. అందుకే మతిమరుపు వ్యాధి వారికి చాలా ముందుగా వస్తుంది. ఆ వయసుకు తల్లిదండ్రులు ఎనభైలలో ఉంటారు, లేదా ఉండరు. తల్లిదండ్రుల తర్వాతి సంరక్షణ కూడా ఒక లక్ష్యంగా 1999లో నేషనల్ ట్రస్ట్ చట్టం వచ్చింది. దాని కింద నిరామయ ఆరోగ్య బీమా లక్ష రూపాయల దాకా ఇస్తుంది, ఘరౌందా పేరుతో వసతి గృహాల పథకం ఉంది. ఆ గృహాల్లో ఉన్నవారి ఆరోగ్యం ఎలా ఉంది, ఇంట్లోనే అన్నదమ్ముల దగ్గర ఉన్నవారిది ఎలా ఉంది, ఊళ్లో పొరుగువారి సాయంతో ఒంటరిగా ఉన్నవారిది ఎలా ఉంది అని పోల్చి చూసే దీర్ఘకాల అధ్యయనం తెలుగు నేల మీద మొదలైతే, ఆ తల్లిదండ్రులు బతికుండగానే కొన్ని జవాబులైనా వారి చేతికి అందుతాయి.